తొమ్మిదో గడి

మార్చి 3

ఈ రోజు నలుగురిని తిట్టాను. ముగ్గురికి తగిలింది. నాలుగోవారు ఇన్‌స్పెక్టర్ గారు కాబట్టి ఆయన్ని మనసులోనే తిట్టుకున్నాను, అది లెక్కలోకి రాదు.

బీపీ చూసిన డాక్టరమ్మ "కోపం మనుషుల మీద చూపించకుండా కాగితం మీద పెట్టండి, ఓ నెల చూసి తర్వాత మాత్రల సంగతి ఆలోచిద్దాం" అంది. సరే. కాగితం ఏం పాపం చేసిందో.

మొదటివాడు దొంగతనం కేసు పెన్‌డ్రైవ్‌ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. కవరు లేదు, సీలు లేదు, ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పే కాగితం లేదు. "జేబులోనే ఉంది మేడమ్, ఎక్కడికీ పోలేదు" అన్నాడు. నీ జేబేమన్నా కోర్టా నాయనా అన్నాను. రెండోవాడు స్వాధీనం చేసుకున్న ఫోన్లో పాటలు విన్నాడు. మూడోవాడు నిందితుడి ల్యాప్‌టాప్ మీద టీ గ్లాసు పెట్టాడు. ఇక ఇన్‌స్పెక్టర్ గారు. మందుల షాపు హత్య కేసు వీడియో తన ఫోనుకి పంపమన్నారు. "పైవాళ్ళకి చూపించాలమ్మా, రెండు నిమిషాల పని." రిజిస్టర్లో సంతకం పెట్టి, కారణం రాసి, సీలు వేసిన కాపీ తీసుకోండి సార్ అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. మాడనీ.

నా వెనక నన్ను తాళంకప్ప అంటారని తెలుసు. అననీ. మూడేళ్ళుగా ఈ సాక్ష్యాల గది నా చేతిలో ఉంది. మెట్ల కింద, కిటికీ లేని గది. నాలుగు ఇనప బీరువాలు, ఒక కంప్యూటరు, యంత్రాల కోసం ఒక ఏసీ, వాటి మధ్య నేను. ఇక్కడినుంచి వెళ్ళిన ఒక్క డిస్కుని కూడా ఏ కోర్టూ తిప్పి పంపలేదు. ఆ మాట ఈ స్టేషన్లో ఇంకెవరన్నా అనగలరేమో అనమనండి.

మార్చి 4

రెండు నలభైకి మళ్ళీ మోగింది.

మూడో బీరువాలో లిఫ్టు మెకానిక్ ఫోనుంది. ల్యాబువాళ్ళు వచ్చి తీసుకునేదాకా ఆపొద్దని, చార్జింగులోనే పెట్టి సిగ్నల్ అందని డబ్బాలో ఉంచమని రాశారు. వాళ్ళు రారు. ఇందులో అలారం రోజూ మధ్యాహ్నం మోగుతుంది. డబ్బా అద్దంలోంచి తెర మీద "పాప స్కూలు" అన్న అక్షరాలు కనిపిస్తాయి. వేలు పెడితే సాక్ష్యం ముట్టుకున్నట్టు, కాబట్టి ఆపలేను. అది అరిచి అరిచి దానంతటదే ఊరుకోవాలి.

జాలిపడాల్సిన పనేం లేదు. ఆ రోజు పొద్దున లిఫ్టు మధ్యలో ఆగి మందుల షాపాయన అందులో ఇరుక్కుపోయాడు. బయటికొచ్చాక మెకానిక్కీ ఆయనకీ కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి షాపాయన భార్యకి ఫోన్ చేసి మాట్లాడాడు. మూడు ఇరవైకి ఎవరో మందులకొచ్చి చూస్తే వెనక గదిలో తల పగిలి ఉన్నాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి నోరు విప్పకుండానే పోయాడు. ఎదురుగా ఉన్న పెయింట్ల షాపు కెమెరాలో, ఆ పక్క సందులోంచి మెకానిక్ బయటికొచ్చింది మూడు పన్నెండుకి. ఇంకేం కావాలి?

ఆ వీడియో తెచ్చింది నేనే. నా చేత్తో, నా సీలుతో.

మార్చి 6

మెకానిక్ భార్య వచ్చింది. నాలుగోసారి. ఫోన్లో పాప ఫోటోలున్నాయట, కాపీ ఇమ్మంటుంది. కుదరదని ఈసారి గట్టిగానే చెప్పాను.

"మూడింటికి ఆయన స్కూల్లో ఉన్నాడు మేడమ్. గేటు దగ్గర పుస్తకంలో సంతకం కూడా ఉంది. మూడూ అయిదు అని ఆయాలే రాశారు."

"ఆ పుస్తకంలో ఎవరు ఎప్పుడైనా ఏదైనా రాయొచ్చమ్మా."

"ఆయన షాపుకెళ్ళింది రెండున్నరకి. పొద్దున మాట తూలానని చెప్పి రావడానికి వెళ్ళాడు. షాపాయన లోపల బాగానే ఉన్నాడంట."

"మనుషులు అబద్ధం చెప్తారు. కెమెరా చెప్పదు."

ఆ అమ్మాయి నా వంక ఓసారి చూసి వెళ్ళిపోయింది. మంచి మాట చెప్పానని అప్పుడు అనిపించింది. మధ్యాహ్నం అలారం మోగినప్పుడు మాత్రం బీరువా తలుపు మీద చరిచాను. చెయ్యి నొప్పెట్టింది.

మార్చి 7

ల్యాబుకి మళ్ళీ ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను.

మార్చి 11

పెయింట్ల షాపు ముందు ఎవరిదో స్కూటరు పోయింది. వీడియో తీసుకోవడానికి వెళ్ళాను. మెట్లెక్కి, డబ్బాల మధ్య దూరి, రికార్డరు ముందు కూర్చున్నాను. తెర మూల 11:56 అని ఉంది. నా చేతి గడియారంలో పదకొండుంపావు. ఫోన్లో కూడా పదకొండుంపావే.

షాపతన్ని పిలిచాను. "అదెప్పుడూ అంతే మేడమ్, ముందుకి పరిగెడుతుంటుంది. మనకి దొంగ మొహం కావాలిగానీ టైమెందుకు?" అన్నాడు.

ఎప్పటినుంచి అన్నాను.

"కొన్నప్పట్నుంచీ."

చేతిలో ఉన్న ఫారం పనికిరాలేదు. సంచిలోని కొత్త పుస్తకంలోంచి ఖాళీది ఇంకోటి తీసుకుని, తొమ్మిదో గడిలో "41 నిమిషాలు ముందు" అని రాశాను. కిందికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. ఎండ. ఎదురుగా మందుల షాపు మూసే ఉంది.

నలభై ఒక్క నిమిషాలు.

మార్చి 12

ఆ పెయింట్లవాడిని తన్నాలి. వేలకి వేలు పోసి కెమెరా పెట్టుకుంటాడు, గడియారం సరిచెయ్యడానికి నిమిషం తీరదు. అమ్మినవాడిని కూడా తన్నాలి. ఇక ఇన్‌స్పెక్టర్ గారు, "రెండు నలభై అయిదు నుంచి మూడు ఇరవై అయిదు దాకా చాలమ్మా, రోజంతా ఎందుకు, ఎవడు చూస్తాడు" అని రాసిచ్చారు. అందుకే అంత ముక్కే తెచ్చాను. ఆ రికార్డరులో పదిహేను రోజులకి పాతది చెరిగిపోయి కొత్తది పడుతుంది. ఇప్పుడు ఆ రోజుది ఏమీ మిగల్లేదు. తిలా పాపం తలా పిడికెడు.

అయినా జనవరిలో కూడా అంతే తేడా ఉందని ఎవరు చెప్పారు? అప్పుడు సరిగ్గానే ఉండి, ఈ మధ్యనే పాడై ఉండొచ్చు. యంత్రాలు చెడిపోతాయి. షాపతనికి ఏం తెలుసు, "కొన్నప్పట్నుంచీ" అనడం నోటికొచ్చిన మాట.

అప్పుడు సరిగ్గానే ఉండి ఉంటుంది.

మార్చి 13

అత్తయ్య అడిగింది: "ఏమ్మా, మూడు రోజులుగా గిన్నెల మీద పడుతున్నావు. అవేమన్నా దొంగతనం చేశాయా?"

తల నొప్పి అన్నాను.

మార్చి 15

ఆ నలభై నిమిషాల ముక్కని పదకొండుసార్లు చూశాను. ఇంతకుముందు ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. మెకానిక్ కనిపించే చోటుకే అందరం వెళ్ళేవాళ్ళం.

కెమెరా టైము 2:51కి వీధిలో షాపుల బోర్డులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. 2:55కి వెలిగాయి. రికార్డరుకి బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగలేదు. కరెంటు పోయిందన్నమాట. పోతే పోయింది, అలాంటిది ఎవరు పట్టించుకుంటారు.

విద్యుత్ ఆఫీసుకి ఫోన్ చేశాను. స్కూటరు కేసని అబద్ధం చెప్పాను. వాళ్ళ లాగ్ పుస్తకంలో చూసి చెప్పారు: జనవరి 19, షాపాయన మీద దాడి జరిగిన రోజు, ఆ లైను మీద సరఫరా ఆగింది ఒక్కసారే, మధ్యాహ్నం 2:13 నుంచి 2:17 వరకు.

ముప్పై ఎనిమిది నిమిషాలు.

మెకానిక్ సందులోంచి బయటికొచ్చింది మూడు పన్నెండుకి కాదు, రెండు ముప్పై నాలుగుకి. షాపాయన మూడింటికి భార్యతో మాట్లాడాడు. బతికున్నాడు, మామూలుగా ఉన్నాడు, సాయంత్రం పెందలాడే వస్తానని కూడా అన్నాడట. ఆ సమయానికి ఈ మనిషి పాప కోసం దారిలో ఉన్నాడు. రెండు నెలలుగా జైల్లో ఉన్నాడు.

నిజంగా కొట్టినవాడు ఆ కెమెరా ముందునుంచే వెళ్ళి ఉంటాడు. కెమెరా టైములో మూడు ముప్పై ఎనిమిది తర్వాత. ఆ ముక్క మేం తేలేదు. వాడిప్పుడు ఎక్కడో హాయిగా ఉన్నాడు.

ఫైలు ఒక్క చుక్క మారినా దొరికిపోయేలా దానికో పొడుగాటి సంఖ్య తీసి రాస్తాం, ఫైలు వేలిముద్ర అంటాం. సరిచూశాను. సరిపోయింది. మేం తెచ్చినప్పటినుంచి ఏమీ మారలేదు. నా తాళాలు, నా సీళ్ళు అన్నీ సవ్యంగా ఉన్నాయి. వాటి లోపల పెట్టిందే తప్పు.

మార్చి 16

ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. తలుపు మూసి రమ్మన్నారు. మొత్తం విని టేబుల్ మీద నా ఫారం నకలు పెట్టారు.

"తొమ్మిదో గడిలో ఏముందో చదువమ్మా."

"చదవక్కర్లేదు సార్, తెలుసు."

"పరికరం గడియారానికీ అసలు సమయానికీ తేడా. ఎదురుగా, 'తేడా లేదు'. సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి అప్పుడు చూశావా, లేదా?"

 ఆయన కుర్చీ వెనక్కి వాల్చారు. ఈయనకి మెత్తగా మాట్లాడటం వచ్చని ఇన్నాళ్ళూ తెలియదు.

"చూశానంటే, కరెంటు ఆఫీసు వాళ్ళ పుస్తకమే తప్పు. చూడలేదంటే, ఈ ఒక్క కేసే కాదు. మూడేళ్ళలో నువ్వు తెచ్చిన కెమెరాలన్నీ బయటికొస్తాయి. అరవై పైనే ఉంటాయి కదూ? సైకిలు పాప కేసు గుర్తుందా? పాపని కారుతో గుద్దిన ఆ కుర్రాడికి పడిన ఏడేళ్ళూ నీ కాగితం మీదే నిలబడి ఉన్నాయి. అప్పీలు నడుస్తోంది. ఆ తల్లికి నువ్వే చెప్పుకోవాలి."

"అయితే ఈ మెకానిక్ సంగతేంటి సార్?"

"వాడికి లాయరుంది. అది ఆవిడ పని. మన తప్పులు మనమే మోసుకెళ్ళి అప్పజెప్పాలా?"

బయటికొచ్చేశాను. ఎంత కోపమొచ్చిందంటే తాళంచెవి బీరువాకి బదులు గోడకి పెట్టాను. ఆడవాళ్ళ కన్నీళ్ళని బేరానికి పెట్టే మనిషి! పెద్ద మనిషట!

ఆయన అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు.

మార్చి 17

రాయను.

మార్చి 18

రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

ఫారాల పుస్తకం ఒకటి ఉంటుంది, యాభై కాగితాలది. కొత్తది విప్పినప్పుడు సీటు దగ్గర కూర్చుని అన్నిట్లోనూ ఎప్పుడూ మారని గడులు ముందే నింపేస్తాను. స్టేషన్ పేరు, నా హోదా, సీలు నంబరు, కింద సంతకం. వాటితోపాటు తొమ్మిదో గడి. తేడా లేదు, తేడా లేదు, తేడా లేదు. యాభైసార్లు. బయటికెళ్ళినప్పుడు షాపువాడు తొందరపెడతాడు, కూర్చోవడానికి చోటుండదు, ఎండలో రాయాలి. అందుకని.

మొదటి ఏడాది చూసేదాన్ని. ప్రతిదీ చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ఒకటో రెండో నిమిషాలు తప్ప ఉండేది కాదు. ఒకసారి చూడలేదు, ఏమీ కాలేదు. ఇంకోసారి చూడలేదు.

స్కూటరు రోజు పనికిరాని ఫారం అదే. అందులో ముందే రాసుంది.

పెన్‌డ్రైవ్ రుమాల్లో చుట్టి తెచ్చినవాడు నాకంటే నయం. వాడి నిర్లక్ష్యం కంటికి కనిపిస్తుంది. నాది కవర్లో పెట్టి, సీలు వేసి, బీరువాలో దాచాను. ఆ అమ్మాయితో కెమెరా అబద్ధం చెప్పదన్నాను. చెప్పింది నేను. సిగ్గుగా ఉంది. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు, దాని మీద కూడా కోపమొస్తోంది.

మార్చి 19

మా ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. మా ఇంట్లో తప్పుల గురించి మాట్లాడే హక్కు ఆయనదే. అన్నం తినేటప్పుడు చెప్పేశాను. అత్తయ్య కూడా అక్కడే ఉంది, చెవులు మహా పదును, ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ విన్న మనిషి.

ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "పుస్తకం అచ్చయ్యాక తప్పు దొరికితే చివర్లో తప్పొప్పుల పట్టిక వేస్తాం. దానివల్ల పుస్తకం పరువేం పోదు" అన్నారు.

"మీ పుస్తకంలో కొమ్ము ఎగిరిపోతే ఎవడూ జైలుకెళ్ళడు!" అని అరిచాను.

"అందుకే మేం వెయ్యకపోయినా నడుస్తుంది. నీకు నడవదు."

ఇలాంటి మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. గొంతు కూడా పెంచరు.

అత్తయ్య అంది: "సైకిలు పాప తల్లి ఏమైపోతుందోనని నీకు బెంగా, నీ ఉద్యోగం ఏమైపోతుందోనని బెంగా?"

"రెండూ."

"రెండిట్లో ముందేది?"

కంచం తీసుకుని లేచిపోయాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ నా గురించి ఏదో అన్నదని పడుకునేదాకా సణుగుతూనే ఉన్నాను. ఆవిడ అడిగిందే తప్ప ఏమీ అనలేదు.

మార్చి 21

స్టేషన్ రికార్డులు రాసే రైటరు, అందరూ బాబాయ్ గారంటారు, వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు, నా గదిలోకొచ్చి తలుపు దగ్గరికేశాడు. ఇన్‌స్పెక్టర్ గారు పంపలేదని ముందే చెప్పాడు. నమ్మాను. మంచివాడు.

"ఏడుపుమొహం పెట్టుకుని ఎన్నాళ్ళుంటావమ్మాయ్? అసలు ఫారం ఎక్కడుంది?"

"నా దగ్గరే. కోర్టుకి నకలే వెళ్ళింది."

"అది తీసెయ్. కొత్తదాని మీద 'ముప్పై ఎనిమిది నిమిషాలు ముందు' అని రాయి. నకలు తీసేటప్పుడు వేరే కాగితం కలిసిపోయిందని నేను రాసిపెడతాను. ఆ మెకానిక్ పిల్లాడు బయటికొస్తాడు. నువ్వు బతుకుతావు. సైకిలు కేసు జోలికి ఎవరూ పోరు. రాసింది అబద్ధం కూడా కాదు, తేడా నిజంగా అంతే కదా?"

ఎంత చక్కగా చెప్పాడు. ఒక్కరికీ నష్టం లేదు. ఆయన వెళ్ళాక కొత్త ఫారం తీసి రాశాను. జనవరి తేదీ వేశాను. అప్పటి కలమే వాడాను. తొమ్మిదో గడిలో 38 అని రాశాను. అందంగా వచ్చింది.

దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంకె నిజం. కాగితం దొంగది. మూడేళ్ళుగా ఈ గదిలో కూర్చుని అందరినీ ఏ పనికి తిట్టానో ఆ పనే, నా బల్ల మీద, నా చేత్తో. ఈ రోజు మంచి కోసం మార్చాను. రేపు ఇన్‌స్పెక్టర్ గారు చెడ్డ కోసం మార్చమంటే ఏ మొహంతో కాదంటాను? బాబాయ్ గారి మీద కోపమొచ్చింది. రాసిన చేతి మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

చింపాను. ముక్కలు బుట్టలో వెయ్యకుండా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అది కూడా సాక్ష్యం మాయం చెయ్యడమేనేమో. ఏమో, ఇక నాకు తెలియదు.

మార్చి 22

ఉత్తరం రాసి ప్రభుత్వ లాయరుకి, మెకానిక్ లాయరుకి, కోర్టుకి పంపాను. కరెంటు ఆఫీసు కాగితం జతచేశాను. "ఆ రోజు నేను గడియారం సరిచూడలేదు. తొమ్మిదో గడి ముందుగానే నింపి ఉంచాను. ఇతర కేసుల్లో కూడా ఇలాగే చేశాను." చివరి వాక్యం రాయకపోతే ఎవరూ అడిగి ఉండేవారు కాదు. మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశాను.

ఇన్‌స్పెక్టర్ గారు నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 2

కోర్టు.

మెకానిక్ లాయరు సన్నగా, దగ్గుతూ ఉండే ఆవిడ. ఒకే ప్రశ్న అడిగింది. "మీరు గడియారం చూశారా?"

"లేదండి."

"చూడకుండా తేడా లేదని ఎలా రాశారు?"

"ఎప్పుడూ ఉండదు కాబట్టి రాశాను."

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి నన్ను చూశారు, ఆ చూపు నేను మర్చిపోను. మధ్యాహ్నానికి బెయిలిచ్చారు.

ఏప్రిల్ 4

మెకానిక్ కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఫోను తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఫోటోలో కంటే చిన్నవాడు, బాగా చిక్కిపోయాడు. రిజిస్టర్లో సంతకం పెట్టమన్నాను. పెట్టేముందు ప్రతి గడీ వేలు పెట్టి చదివాడు, ఒక్కటీ వదల్లేదు.

"తప్పు నాదేనండి" అన్నాను.

"డెబ్బై రోజులు మేడమ్. పాప నా దగ్గరికి రావట్లేదు. వాళ్ళమ్మ వెనకాల దాక్కుంటోంది."

ఇంకేమన్నా అంటాడని నిలబడ్డాను. ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గది మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం కూడా నచ్చలేదు.

ఏప్రిల్ 9

తాళాలు తీసుకున్నారు. శాఖాపరమైన విచారణ. అరవై రెండు ఫారాలు తీశారు. రోజంతా ఎందుకు, ముక్క చాలని రాసిచ్చినాయన మీద మాత్రం ఈగ కూడా వాలలేదు. పైగా నా గది తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి! దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడు గడియారాలు సరిచూడమని స్టేషన్లో అందరికీ ఆదేశం వెళ్ళింది. ఆదేశం మీద సంతకం ఆయనదే. 

ఏప్రిల్ 13

సైకిలు పాప తల్లి ఇంటికొచ్చింది.

ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఏడాదిన్నర కిందట సాయంత్రం ఐదున్నరకి ట్యూషన్ నుంచి సైకిలు మీద వస్తున్న కూతుర్ని ఒక కారు గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. కారు దొరికింది. ఐదింటికే తాళాలు స్నేహితుడికి ఇచ్చేశానని కారు కుర్రాడు అన్నాడు. పక్కవీధి పెట్రోలు బంకు కెమెరాలో ఐదు ఇరవైకి స్టీరింగ్ ముందు వాడే ఉన్నాడు. ఆ ముక్క మీదే శిక్ష పడింది. ఆ బంకు ఇప్పుడు లేదు, రికార్డరు ఎప్పుడో తుక్కులో పోయింది. తేడా ఎంతో ఇక ఎవరూ కనుక్కోలేరు.

లోపలికి రమ్మంటే గుమ్మంలోనే కూర్చుంది. అత్తయ్య మంచినీళ్ళిచ్చింది.

"వాళ్ళ లాయరు మీ గడియారం మాట ఎత్తుతున్నాడంటమ్మా. మా కేసులో కూడా చూడలేదా?"

"విచారణలో అడుగుతారమ్మా. ఎల్లుండి."

"అడిగితే చూశానని చెప్పు. ఒక్క మాటే కదా. ఆ మెకానిక్ అబ్బాయి ఏ తప్పూ చెయ్యలేదు, వాడి కోసం చెప్పావు, మంచిదే. వీడు చేశాడమ్మా. వీడే చేశాడని నీకు తెలుసు, నాకు తెలుసు, వాడికీ తెలుసు. చూశానని చెప్పమ్మా."

నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళ మీద కాలిన మచ్చలు. ఖాళీ గ్లాసు తీసే నెపంతో చెయ్యి వదిలించుకున్నాను. తనే లేచి వెళ్ళింది.

అందులో చూశానేమో. పెద్ద కేసు కదా, పిల్ల చనిపోయింది కదా, చూసే ఉంటాను. బంకులో ఆఫీసు గది, గోడకి క్యాలెండరు. గడియారం కూడా ఉన్నట్టు గుర్తు. చూసే ఉంటాను.

ఏప్రిల్ 15

విచారణాధికారి నెమ్మదస్తుడు. ఒక్కో ఫారం ముందుకి జరిపి "చూశారా?" అని అడిగాడు. మొదటి ఏడాదివి ఇరవై మూడు. చూశాను, చూశాను, ఒకటి గుర్తు లేదు. తర్వాతవి మొదలయ్యాయి. చూడలేదు. చూడలేదు. నీళ్ళు తాగమన్నాడు. "గుర్తు లేదు అని కూడా చెప్పొచ్చు, తప్పేం లేదు" అన్నాడు. దయగానే అన్నాడు.

నలభై ఒకటోది సైకిలు పాపది. చేతిలోకి తీసుకున్నాను. బంకు పేరు, రికార్డరు నంబరు, తేదీ, అన్నీ నల్లసిరాతో వంకరగా ఉన్నాయి, నిలబడి రాసిన రాత. సంతకం, తొమ్మిదో గడి మాత్రం నీలం సిరాతో గుండ్రంగా ఉన్నాయి. సీటు దగ్గర కూర్చుని రాసిన రాత. ఆ బంకులో గోడ మీద ఏ గడియారమూ నాకు గుర్తు లేదు. రెండు రోజులుగా నేనే దాన్ని గోడకి తగిలించుకున్నాను.

"ఇది కూడా చూడలేదండి" అన్నాను.

ఆయన రాసుకుని తర్వాతది జరిపాడు.

అంతా అయ్యేసరికి నాలుగయింది. వరండాలో బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. కొట్టు మూసుకుని వచ్చిందట, పొద్దుటినుంచీ అక్కడే ఉందని బంట్రోతు చెప్పాడు. నన్ను చూసి లేచింది.

"ఏం చెప్పావమ్మా?"

"నిజమే చెప్పానమ్మా. చూడలేదని చెప్పాను."

కొడుతుందనుకున్నాను. కొట్టించుకోవడానికే అక్కడ నిలబడ్డాను.

"ఆ రోజు గడియారం వంక ఒక్కసారి చూసుంటే సరిపోయేది కదమ్మా" అంది.

తిట్టలేదు. బెంచీ కిందనుంచి చెప్పులు లాక్కుని వేసుకుని, కటకటాల తలుపు తోసుకుని బస్సు కోసం వెళ్ళింది.